ప్రమాదమా, ఏమరుపాటా? – ‘నెగ్లిజెన్స్’ అనే మాట కథ

మారతహళ్ళిలో కాపురమున్న తెలుగువారికి మూడు భాషల నడుమ తిరగడం నిత్యకృత్యం. ఇంట్లో తెలుగు, అంగడిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగుకూ కన్నడానికీ లిపి దగ్గర, మాటలు దగ్గర. అందుచేత ఒక భాషలోని మాట రెండవదానిలో కూడా అదే అర్థంతో చెల్లుతుందని అనుకొంటాము. చాలా మాటలు చెల్లుతాయి కూడా. కొన్ని మాత్రం చెల్లవు.

రింగు రోడ్డు మీద రెండు బండ్లు ఢీకొన్నవనుకొందాము. మనవాడు “ప్రమాదం జరిగింది” అంటాడు. కన్నడిగుడు దానిని “అపఘాత” అంటాడు. రోడ్డు ప్రక్కన హెచ్చరిక పలకల మీద ఉండే మాట కూడా అదే. కన్నడంలో “ప్రమాద” అనే మాట లేకపోలేదు. అయితే అక్కడ దానికి తప్పు, పొరపాటు అని అర్థం. మనం “ప్రమాదం జరిగింది” అంటే కన్నడిగుని చెవికి “పొరపాటు జరిగింది” అన్నట్లు వినబడుతుంది. ఈ ఇద్దరిలో పాత అర్థాన్ని పోగొట్టుకొనకుండా దాచుకొన్నవాడు ఎవరని అడిగితే, కన్నడిగుడేనని ఒప్పుకొనక తప్పదు.

ఇంగ్లీషులో అజాగ్రత్తకు ఉన్న పెద్దమాట “నెగ్లిజెన్స్”. పోలీసు కాగితాలలో, కోర్టు తీర్పులలో, ఆసుపత్రి తగాదాలలో అది కనిపిస్తుంది. ఆ మాటా, మన ప్రమాదమూ ఒకప్పుడు ఇంచుమించు ఒకే అర్థం గలవి. తరువాత రెండూ ఎదురెదురు దారులు పట్టినవి. ఆ దారులేవో చూడడమే ఈ వ్యాసం పని. ఇది మాటల వినోదం మాత్రమే కాదని చివరకు చదువరులే ఒప్పుకొంటారని నమ్మకం.

ఇంగ్లీషువారి మాటలు

“కేర్‌లెస్” అనే మాటతో మొదలుపెడదాము. దీనిలోని “కేర్” అనే భాగానికి ప్రాచీనమైన ఇంగ్లీషులో దుఃఖమనీ, చింత అనీ అర్థం. కాబట్టి “కేర్‌లెస్” అంటే మొదట చింత లేనివాడు, నిశ్చింతగా ఉన్నవాడు. అది నింద కాదు, ఒక అదృష్టం. కాని ఏ చింతా లేనివాడు చూడవలసినది కూడా చూడడం మానివేస్తాడు గదా! అలా నిశ్చింత మెల్లమెల్లగా అజాగ్రత్త అయింది.

“సెక్యూర్” అనే మాటదీ ఇదే కథ. లాటిన్‌లో “సే” అంటే లేకుండా, “కూరా” అంటే చింత. చింత లేకుండా ఉన్నదే సెక్యూర్. షేక్స్పియర్ కాలంలో ఈ మాటను భద్రంగా ఉన్న అనే అర్థంలోనే గాక, ఏమీ కాదులే అని ఏమరి ఉన్న అనే అర్థంలో కూడా వాడేవారు. ఇప్పుడు మన అపార్టుమెంటు గేటు దగ్గర కుర్చీ వేసుకొన్న మనిషిని “సెక్యూరిటీ” అంటాము. అతడు కునుకు తీస్తే ఆ మాటకు పాత అర్థం, మేల్కొని ఉంటే కొత్త అర్థం సరిపోతుంది.

ఇక “నెగ్లిజెన్స్”. దీని మూలం కూడా లాటినే. “నెక్” అంటే కాదు, “లెగెరే” అంటే ఏరుకొను, ఎంచు. కళ్ళెదుట ఉన్నదానిని ఏరి చేతికి తీసుకొనకపోవడం నెగ్లిజెన్స్. ఆ ధాతువునుండే సెలెక్టు, ఎలెక్షన్, కలెక్టరు అనే మాటలు కూడా వచ్చినవి. శ్రద్ధ గలవానిని చెప్పే “డిలిజెంట్” అనే మాట సైతం అదే కడుపున పుట్టినది. శ్రద్ధ, అశ్రద్ధ ఒక తల్లి బిడ్డలన్నమాట. లెక్కలోకి రానంత స్వల్పమైనదానిని “నెగ్లిజిబుల్” అంటారు. అదీ ఈ కుటుంబంలోనిదే.

వాడుకలో ఈ మాటలకు తేడాలున్నవి. “కేర్‌లెస్” మనిషి స్వభావాన్ని చెబుతుంది; గొడుగు బస్సులో మరచిపోయినవాడు కేర్‌లెస్. “నెగ్లెక్ట్” అంటే చూడవలసిన బాధ్యత ఉన్నవాడు చూడకుండా వదలివేయడం. పిల్లవాడిని పస్తు పెట్టిన తండ్రిది నెగ్లెక్ట్. “రెక్‌లెస్” అంటే ముప్పు తెలిసీ లెక్కచేయకపోవడం. “నెగ్లిజెన్స్” వీటన్నిటిలోనూ కొంచెం కొంచెం తీసుకొని, కోర్టు మెట్లెక్కి, కొలతబద్ద గల మాటగా మారినది.

న్యాయస్థానంలో

ఆ కొలతబద్దను ప్రసిద్ధంగా చెప్పిన తీర్పు 1856లో ఇంగ్లండులో వచ్చినది. బర్మింగ్‌హామ్ నగరంలో నీటి కంపెనీ వేసిన గొట్టాలు పాతికేళ్ళు బాగానే పనిచేసినవి. 1855 చలికాలంలో మంచు విపరీతంగా కురిసి, ఒకచోట బిరడా వదులై, నీరు ఒక గృహస్థుని ఇంట్లో ప్రవేశించినది. అతడు దావా వేసినాడు. బుద్ధిమంతుడైన సామాన్యుడు చేసే పనిని చేయకపోవడం గాని, అతడు చేయని పనిని చేయడం గాని నెగ్లిజెన్స్ అవుతుందని న్యాయమూర్తి ఆల్డర్సన్ నిర్ణయించినాడు. అంతటి చలిని ఎవరూ ఊహించలేరు కాబట్టి కంపెనీ తప్పు లేదన్నారు. ఇక్కడినుండి “మనసులో ఏమున్నది?” అనే ప్రశ్నకంటె “జాగ్రత్తపరుడు ఆ స్థలంలో ఉంటే ఏం చేసేవాడు?” అనే ప్రశ్నకు ప్రాధాన్యం వచ్చినది.

మన దేశంలో 1860లో శిక్షాస్మృతి చట్టమైంది. 1862 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. బాట మీద బండిని దుడుకుగా గాని, అజాగ్రత్తగా గాని తోలడం నేరమని అందులోనే ఉన్నది. అజాగ్రత్తవల్ల ప్రాణం పోతే ప్రత్యేకమైన శిక్ష చెప్పే 304–ఎ సెక్షనును మాత్రం 1870లో చేర్చినారు. దానిలో రెండు మాటలు జంటగా నిలిచినవి: “రాష్”, “నెగ్లిజెంట్”. ఈ రెంటికీ తేడా ఏమిటి?

ఈ ప్రశ్నకు మన దేశంలో ప్రసిద్ధికెక్కిన జవాబు ఒక తెలుగు ఇంటిపేరుతో ముడిపడి ఉన్నదని చాలామందికి తెలియదు. 1872లో మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చిన ఆ కేసు పేరు “నిడమర్తి నాగభూషణం”. దానిలో జస్టిస్ హాలోవే చేసిన విభజన సారాంశం ఇది: హాని జరుగవచ్చునని తెలిసి, జరగదులే అనే ఆశతో, తాను తగిన జాగ్రత్త పడ్డానన్న నమ్మకంతో పని చేసేవానిది దుడుకుతనం. హాని సంగతి మనసుకే తట్టకుండా పని చేసేవానిది ఏమరుపాటు. అయితే మనసుకు తట్టలేదన్న మాట అతనికి రక్ష కాదు. తన మీద ఉన్న జాగ్రత్త తాను పడి ఉంటే అది తట్టి ఉండేదే. తట్టకపోవడమే అతని తప్పు.

ఈ చివరి వాక్యంలోని సూక్ష్మాన్ని గమనించాలి. “నాకు తెలియదండీ” అన్నవానిని “తెలుసుకోవలసిన పని నీది కాదా?” అని చట్టం ఎదురు ప్రశ్న వేస్తున్నది. ఈ విభజనను తరువాతి తీర్పులు, సుప్రీంకోర్టువి సహా, పదే పదే ఉదహరించినవి. ఒక తెలుగువాని కేసు ఆ విధంగా దేశం మొత్తానికి నిఘంటువైనది.

1932లో లండనులో ప్రభువుల సభ మరొక అడుగు వేసినది. స్కాట్లండులోని పెయిస్లీ పట్టణంలో 1928లో ఒక స్త్రీ త్రాగిన అల్లపు సోడా సీసాలో కుళ్ళిన నత్త ఉన్నదని దావా. సోడా కొన్నది ఆమె కాదు, స్నేహితురాలు. తయారుచేసినవానికీ ఆమెకూ ఒప్పందం లేదు. అయినా, మన పనివల్ల హాని కలుగగలదని ఊహింపదగిన ప్రతివారూ మన పొరుగువారేననీ, వారిపట్ల జాగ్రత్త మన విధి అనీ లార్డ్ ఆట్కిన్ తీర్పు చెప్పినాడు. ఏరుకొనకపోవడం అనే చిన్న అర్థంతో మొదలైన మాట ఈ విధంగా విధి అనే అర్థం దాకా పెరిగినది.

మన మాటలు

ఇప్పుడు మన వైపు చూద్దాము. “ప్రమాదం” సంస్కృత పదం. “మద్” అనే ధాతువునుండి పుట్టినది. మదమూ అందులోనుండి వచ్చినదే. మైకంలో ఉన్నవానికి ఒళ్ళు తెలియనట్లు, తాను ఉన్న పని మీద ధ్యాస లేకపోవడం ప్రమాదం. అమరకోశం దీనికి ఇచ్చే పర్యాయపదం “అనవధానత”. అంటే అవధానం లేకపోవడం. అక్కడ బండి లేదు, మంట లేదు, రక్తం లేదు. మనసు పని మీద లేకపోవడం ఒక్కటే ఉన్నది.

పూర్వులు ఈ దోషాన్ని తేలికగా తీసుకొనలేదు. ధమ్మపదంలో రెండవ వర్గానికి “అప్పమాద” అని పేరు. ఏమరకుండా ఉండడమని అర్థం. మధ్యప్రదేశ్‌లోని బేస్‌నగర్‌లో, క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దిలో హెలియోడోరస్ అనే యవన రాయబారి నిలిపిన గరుడ స్తంభం ఉన్నది. దాని శాసనం స్వర్గానికి తీసుకొనిపోయే గుణాలు మూడని చెబుతూ, దమ త్యాగాలతోపాటు అప్రమాదాన్ని పేర్కొన్నది. మహాభారతం ఉద్యోగపర్వంలో సనత్సుజాతుడు ధృతరాష్ట్రునికి చేసిన బోధలో ప్రమాదాన్నే మృత్యువుగా భావించినాడు. ఈనాటి తెలుగువాడు ఆ మాట వింటే రోడ్డు మీద యాక్సిడెంటు అనుకొనే అవకాశమున్నది!

అవును, ఇక్కడే మన దారి మారినది. ఏమరుపాటువల్ల అపాయం వస్తుంది. కారణానికున్న పేరును తెలుగువాడు కార్యానికి పెట్టినాడు. మొదట ఏమరుపాటు ప్రమాదం. తరువాత దానివల్ల వచ్చే ముప్పు ప్రమాదం. ఇప్పుడు ఎవరి ప్రమేయమూ లేకుండా వచ్చి మీద పడినది కూడా ప్రమాదమే. పిడుగు పడడమూ ప్రమాదమే, త్రాగి బండి నడపడంవల్ల కలిగినదీ ప్రమాదమే. “ప్రమాదో ధీమతామపి” అనే నానుడిలో మాత్రం పాత అర్థం మిగిలి ఉన్నది: ఎంతటి బుద్ధిమంతునికైనా ఏమరుపాటు తప్పదు.

పత్రికలలో నిత్యం చూసే “ప్రమాదవశాత్తు మరణించాడు” అన్న వాక్యాన్నే తీసుకొనండి. పాత అర్థంలో చదివితే “ఏమరుపాటు కారణంగా మరణించాడు” అని. అప్పుడు వెంటనే “ఎవరి ఏమరుపాటు?” అనే ప్రశ్న పుడుతుంది. కొత్త అర్థంలో చదివితే ప్రశ్న లేదు. విధి, కర్మ, తలరాత అని నిట్టూర్చి పేజీ త్రిప్పుతాము. ఇంగ్లీషు మాట మనిషిని వెతకడం నేర్చుకొన్నది. మన మాట మనిషిని దాచడం నేర్చుకొన్నది.

ప్రమాదం ఒక్కటే ఇలా మారలేదు. “ఉపేక్ష” యోగశాస్త్రంలోనూ బౌద్ధంలోనూ సుగుణం. సుఖదుఃఖాలకు చలించకుండా చూడగలగడం. తెలుగులో అది పట్టించుకొనకపోవడమైంది. కేర్‌లెస్ నడచిన దారే ఇది. “పరాకు” ఇంకా చిత్రమైనది. రాజసభలో వందిమాగధులు “బహుపరాకు” అని కేకవేస్తే “జాగ్రత్త, ఇటు ధ్యాస పెట్టండి” అని హెచ్చరిక. ఇంట్లో “ఏమిటా పరాకు?” అంటే ధ్యాస లేకపోవడం. రోగమూ మందూ ఒకే మాటలో ఉన్నవి.

అయినా మన సంచిలో మాటలకు కొదవ లేదు. మనసుకు తట్టకపోవడం ఏమరుపాటు. తెలిసీ తెగించడం దుడుకుతనం. తెలిసీ లక్ష్యపెట్టకపోవడం నిర్లక్ష్యం. చూడవలసినవాడు చూడనట్లు ఊరకుండడం ఉపేక్ష. జస్టిస్ హాలోవే కష్టపడి చేసిన విభజనకు తెలుగులో మాటలు సిద్ధంగానే ఉన్నవి. వీటన్నిటినీ ఒకే “నిర్లక్ష్యం” కింద గాని, ఒకే “ప్రమాదం” కింద గాని పోగుచేసి, ఏది ఏదో తెలియకుండా చేసుకొన్నాము.

గోల్ఫు మైదానంలో

మాటలోని తేడా ప్రాణాల దాకా పోతుందనడానికి దూరపు దృష్టాంతం అక్కరలేదు. మారతహళ్ళికి పడమరగా హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయమున్నది. 2008 మే నెలలో దేవనహళ్ళి విమానాశ్రయం తెరిచేవరకు బెంగళూరుకు వచ్చే ప్రయాణికుల విమానాలు ఇక్కడే దిగేవి. 1990 ఫిబ్రవరి 14న బొంబాయినుండి 146 మందితో వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605వ విమానం రన్‌వేకు చేరకముందే గోల్ఫు మైదానంలో నేలను తాకి, కట్టను ఢీకొని, మంటలలో చిక్కుకొన్నది. 92 మంది మరణించినారు.

ఆ విమానం ఎయిర్‌బస్ ఎ–320. మన దేశానికి అప్పటికి కొత్త. కంప్యూటర్ల సాయంతో నడిచేది. దిగేటప్పుడు దాని యంత్రాలు అతి తక్కువ శక్తితో తిరిగే ఒక పద్ధతిలో ఉండిపోయినవి. ఆ పద్ధతిలో వేగాన్ని నిలిపే శక్తి అందదు. వేగం తగ్గుతూ పోయినది, ఎత్తు తగ్గుతూ పోయినది. శక్తి పెంచే పిడిని ముందుకు త్రోసేసరికి సమయం మించిపోయినది. పైలట్లు పరిస్థితి తీవ్రతను గుర్తించి వెంటనే తగిన చర్య తీసుకొనకపోవడమే కారణమని విచారణ న్యాయస్థానం తేల్చినది.

ఇందులో ఆ వైమానికులపై నింద మోపే తలంపు లేదు. వారూ ఆ మంటలలోనే పోయినారు. ఎవరూ చెడు తలపెట్టలేదు. దుడుకుతనమూ లేదు. ఒక కొత్త యంత్రం ఏ పద్ధతిలో ఉన్నదో కొన్ని క్షణాలపాటు మనసుకు తట్టలేదు. అమరకోశం చెప్పిన అనవధానత ఇదే.

విమాన రంగంలో మెచ్చదగిన సంగతి ఒకటి ఉన్నది. అక్కడ “ప్రమాదవశాత్తు కూలినది” అని కాగితం మూసివేయరు. అంతర్జాతీయ పౌర విమానయాన ఒడంబడికకు 1951లో చేర్చిన 13వ అనుబంధం ప్రకారం విచారణ ఉద్దేశం నింద మోపడం కాదు, మరొకసారి జరగకుండా చూడడం. కాక్‌పిట్‌లోని మాటలను పట్టే యంత్రాన్ని, వేగాన్నీ ఎత్తునూ పట్టే యంత్రాన్ని బూడిదలోనుండి తీసి, ధ్యాస ఏ క్షణంలో తప్పినదో వెతుకుతారు. మనిషి ధ్యాస తప్పడం సహజమని ఒప్పుకొని, తప్పినా కాపాడే ఏర్పాటేమిటని ఆలోచిస్తారు. ఏమరుపాటును ఏమరుపాటని పిలిచినందువల్లనే ఇది సాధ్యమైనది.

ఎవరి పని?

రైళ్ళ చరిత్రలో మరొక ఉదాహరణ ఉన్నది. 1956 సెప్టెంబరు 2న, అప్పటి హైదరాబాదు రాష్ట్రంలోని మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి, రైలు పడి, నూరుమందికి పైగా మరణించినారు. రైల్వేమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చినాడు. ప్రధాని నెహ్రూ అంగీకరించలేదు. నవంబరు 23న మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు దగ్గర అదే విధంగా మరొక ఘోరం. శాస్త్రి మళ్ళీ రాజీనామా ఇచ్చినాడు, ఈసారి అంగీకరించినారు. వంతెన కట్టినది శాస్త్రి కాదు, రైలు నడిపినది శాస్త్రి కాదు. అయినా, చూడవలసిన పని తన శాఖది అని అతడు ఒప్పుకొన్నాడు. చట్టం దృష్టిలో అతనిది నెగ్లిజెన్స్ కాదు. కాని నెగ్లిజెన్స్ అనే మాట అడిగే ప్రశ్నకు అతడు తలవంచినాడు.

ఇక మన నగరంలో, మన కాలంలో జరిగినది. 2023 మే 21న వానలో కె.ఆర్. సర్కిల్ దగ్గరి అండర్‌పాస్ నీటితో నిండినది. అందులోకి దిగిన కారు మునిగి, తెలుగునాటినుండి వచ్చిన ఒక యువ ఉద్యోగిని ప్రాణం పోయినది. ఆ దినం మన వాట్సాపులలో తిరిగిన మాట ఏమిటి? ప్రమాదం. వాన వచ్చినది, నీరు వచ్చినది, ప్రాణం పోయినది. కాని వాన పిడుగువంటిదైనా, నీరు పోయే కాలువ పిడుగువంటిది కాదు. అది మనిషి త్రవ్వేది, మనిషి పూడిక తీయవలసినది. నీరు నిండిన దారిని మూయడం ఎవరి పని? అందులోకి దిగవచ్చునా అని ఒక్క క్షణం ఆగి చూడడం ఎవరి పని? ఈ ప్రశ్నలు కోపంతో అడిగేవి కావు. ఇవి అడగకపోతే మరుసటి వానకు మరొక తల్లి ఏడవవలసి వస్తుంది.

చట్టం కూడా ఈ మధ్య మారినది. 2024 జులై 1 నుండి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినది. పాత 304–ఎ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. కొత్త 106వ సెక్షను కింద అది ఐదేళ్ళయినది. బండితో ఢీకొట్టి, పోలీసులకు గాని మేజిస్ట్రేటుకు గాని చెప్పకుండా పారిపోయినవానికి పదేళ్ళ దాకా శిక్ష చెప్పే భాగాన్ని మాత్రం, ఆ సంవత్సరం జనవరిలో లారీ డ్రైవర్లు చేసిన ఆందోళన తరువాత, ఆ నాడు అమలుకు తేలేదు. సంఖ్యలు మారినా మాటలు మారలేదు. 1870నాటి “రాష్”, “నెగ్లిజెంట్” రెండూ అలాగే ఉన్నవి. నాగభూషణం కేసులోని విభజనకు పని తీరలేదు.

అయితే శిక్ష ఎప్పుడూ తరువాతి సంగతి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనడమే అది. హాని జరగక ముందు పనికివచ్చేది చట్టం కాదు, ధ్యాస. వసతి గృహంలో గ్యాసు బండ దగ్గర తీగలు చుట్టి ఉంటే “ఏమీ కాదులే” అనుకొనడం దుడుకుతనం. ఆ తీగలు కంటబడకపోవడం ఏమరుపాటు. కంటబడి, చెప్పవలసినవాడు చెప్పకపోవడం ఉపేక్ష. మూడింటికీ మందు వేరువేరు. మొదటివానికి భయం చెప్పాలి, రెండవవానికి చూపించాలి, మూడవవానికి బాధ్యత గుర్తుచేయాలి. అన్నిటినీ “ప్రమాదం” అని పిలిస్తే మందే లేదు.

ఏమరుపాటు మీద గెలుపునే కళగా మలచుకొన్నవాళ్ళం మనం. అష్టావధానంలో అవధాని చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు అక్షరాన్ని నిషేధిస్తారు, మరొకరు పువ్వులు వేస్తే లెక్క పెట్టుకోవాలి. అప్రస్తుత ప్రసంగం చేసేవాని పనే అవధాని ధ్యాసను చెదరగొట్టడం. చెదరకుండా, చివరికి అన్నీ వరుసగా అప్పజెబితే సభ చప్పట్లు కొడుతుంది. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఈ విద్యతో ప్రజలను ముగ్ధులను చేసినారు. అమరకోశం లెక్కన అవధానం అంటే ప్రమాదానికి సరిగ్గా ఎదురు మాట.

ఇప్పుడు అప్రస్తుత ప్రసంగి మన జేబులోనే ఉన్నాడు. బండి నడుపుతుండగా మ్రోగుతాడు, రోడ్డు దాటుతుండగా పలకరిస్తాడు. అవధానికి ఓడిపోతే ఒక పద్యం పోతుంది; మనకు ఓడిపోతే పోయేది అంతకంటె పెద్దది. ఉగాదినాడు పంచాంగంలో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చూచుకొంటాము. అవధానానికి మాత్రం ఏ పంచాంగంలోనూ అంకె వేయరు. అది ఎవరిది వారు సంపాదించుకోవలసినదే. ఈ కొత్త సంవత్సరంలో మారతహళ్ళి తెలుగు కుటుంబాలన్నిటికీ ఆ అవధానం సమృద్ధిగా కలుగుగాక!